సైటు పాసైంది... కాకాకు నంబరు దొరకలేదు!

2019 జూన్. దుబాయిలో ఒక గురువారం రాత్రి. మా క్యాంపులో పక్క గదిలో ఉండే స్టీల్ ఫిక్సర్ ఒకాయన అన్నం తిని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. గుండెపోటు అన్నారు. జగిత్యాల వైపు మనిషి. ఊళ్లో భార్య, ఇద్దరు ఆడపిల్లలు. కబురు తెలిశాక ఆమె ఫోన్లో అడిగింది ఒకే ఒక్క మాట. "అన్నా, ఆయనను ఎప్పుడు పంపిస్తరు?"

గల్ఫ్‌లో ఉన్న మనకు ఈ ప్రశ్న కొత్త కాదు. ఆస్పత్రి కాగితం, పోలీసుల ఎన్‌ఓసీ, మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు రద్దు, ఇంటివాళ్ల అంగీకార పత్రం... ఒకదాని వెనక ఒకటి కదలాలి. ఒకటి ఆగితే అన్నీ ఆగుతాయి. ఏ కాగితం ఎక్కడ దొరుకుతుంది, ముందు ఎవరికి ఫోన్ చేయాలి అన్నదంతా వరుసగా రాసి మేము నడిపే వెబ్‌సైటులో పెట్టాం. ఇట్లాంటి రాత్రి కోసమే పెట్టాం.

ఆ రాత్రి సైటు నడిపే నలుగురం నైట్ డ్యూటీలో ఉన్నాం. స్లాబ్ కాంక్రీటు నడుస్తోంది. ఫోన్లు కింద లాకర్లో ఉన్నాయి. పోలీసులు, అంబులెన్సు వచ్చి మనిషిని తీసుకుపోయారు. ఆ తర్వాత ఏం చేయాలో క్యాంపులో ఎవరికీ తెలియదు. మేమంతా 'కాకా' అని పిలిచే పెద్దాయన ఒక్కడికే మా సైటు గుర్తొచ్చింది. అయిదో తరగతి చదివాడు, ఇరవై ఏళ్లుగా గల్ఫ్‌లోనే ఉన్నాడు. ఫోన్ తీసి సైటు తెరిచాడు. గంట సేపు వెతికాడు. తెల్లారి మేము గదికి వచ్చేసరికి ఫోన్ చేతిలో పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

"పెట్టినమంటిరి గద బిడ్డా... ఏడ పెట్టిన్రు? నేను వేలు పెడ్తే ఇంకోటి తెరుసుకుంటున్నది."

ఆ పేజీలో నంబరున్న వాలంటీరుకు రాత్రే ఫోన్ వెళ్లి ఉంటే అప్పుడే కంపెనీ పీఆర్వోను పట్టుకునేవాడు. తెల్లారితే శుక్రవారం, సెలవు. పీఆర్వో ఫోన్ ఎత్తలేదు. పని ఒక రోజు వెనకబడ్డది. ఆ చెల్లెకు ఆలస్యానికి కారణాలు చాలా చెప్పాం. మా సైటు సంగతి మాత్రం చెప్పలేదు.

ఇంతకీ ఆ సైటు మామూలు సైటు కాదండోయ్. పరీక్షలో ఒక్క తప్పు లేకుండా పాసైన సైటు!

పచ్చ పట్టీ చూసి పొంగిపోయాం

మా మొదటి సైటు 2016 నాటిది. మాకు తెలిసిన ఒకరు ఊళ్లో డీటీపీ సెంటర్‌లో టైపు చేయించి పంపిన మ్యాటర్‌ను ఉన్నదున్నట్టుగా ఎక్కించాం. టైపు చేసిన కంప్యూటర్లో చక్కటి తెలుగు. మా ఫోన్లలో చూస్తే ఇంగ్లిషు అక్షరాలు, చుక్కలు, గీతలు కలిసిన పిచ్చిరాత. పాత డీటీపీ ఫాంట్లతో వచ్చిన చిక్కు అదే. ఆ ఫాంట్ ఉన్న మిషన్ మీదే అది తెలుగు. లేనిచోట అది ఏ భాషా కాదు. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచే చోటు ఉంది. ఆ సంగతి అప్పటికి మా నలుగురిలో ఎవరికీ తెలియదు.

2018లో ఒక తమ్ముడు దొరికాడు. పగలు కంపెనీ ఆఫీసులో డాక్యుమెంట్ కంట్రోలర్. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు అమీర్‌పేటలో వెబ్ డిజైనింగ్ కోర్సు చేశాడు. డబ్బు తీసుకోకుండా, రెండు నెలలు రాత్రిళ్లు కూర్చుని సైటు మొత్తం కొత్తగా కట్టాడు. యూనికోడ్ పెట్టాడు. కోడు శుభ్రంగా రాశాడు. చివరికి డబ్ల్యూ3సీ వాళ్ల వాలిడేటర్‌లో పేజీ చిరునామా కొట్టి మాకు చూపించాడు. పచ్చ పట్టీ వచ్చింది. చూపడానికి తప్పులు లేవు, హెచ్చరికలు లేవు అని దాని అర్థం.

"అన్నా, జీరో ఎర్రర్స్! పెద్ద పెద్ద కంపెనీల సైట్లకు కూడా ఇట్ల రాదు" అన్నాడు. అబద్ధం కూడా కాదు. ఆ పట్టీని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాం. సైటు అడుగున 'ప్రమాణాలకు లోబడి తయారైంది' అని ఒక లైను కూడా రాయించాం. ఆ లైను రాయించింది మేమే, తమ్ముడు కాదు.

కోడు సంగతి మనకు తెలియనిదా?

కట్టడాల్లో పనిచేసే మనం రోజూ కోడుతోనే బతుకుతాం. కాంక్రీటు వచ్చిందంటే ముందు స్లంప్ చూడాలి. 150 మిల్లీమీటర్ల క్యూబులు పోయాలి, నీళ్లలో నానబెట్టాలి, 7 రోజులకు కొన్ని, 28 రోజులకు కొన్ని పగలగొట్టాలి. స్టీలుకు కవర్ ఎంత ఉందో టేపు పెట్టి చూడాలి. కన్సల్టెంట్ ఇంజనీరు సంతకం లేనిదే ట్రక్కును పంపు దగ్గరకు రానివ్వం. ఈ పరీక్షలు వద్దనేవాడు మన లైనులో ఎవడూ ఉండడు. ఎందుకో మనకు తెలుసు. లోపల ఉన్న తప్పు పైకి కనపడదు. కనపడేసరికి ఆలస్యం అయిపోతుంది.

అయితే ఇంకోటి కూడా మనకు తెలుసు. ఒకసారి మేము కట్టిన స్టాఫ్ క్వార్టర్స్‌లో ప్రతి గదీ ఇన్‌స్పెక్షన్ పాసైంది. లైను, లెవెలు అన్నీ కరెక్టు. స్విచ్చు బోర్డు కూడా డ్రాయింగ్‌లో ఉన్న ఎత్తులోనే ఉంది. కానీ తలుపు తెరిస్తే ఆ స్విచ్చు తలుపు వెనక్కి పోతుంది! రాత్రి గదిలోకి వచ్చినవాడు లోపలికి వెళ్లి, తలుపు మూసి, చీకట్లో తడుముకోవాలి. తలుపు డ్రాయింగ్ ఒకరిది, ఎలక్ట్రికల్ డ్రాయింగ్ ఇంకొకరిది. రెండూ అప్రూవ్ అయినవే. ఆ గదిలో ఒక రాత్రి పడుకుని చూసినవాడు మాత్రం ఎవడూ లేడు.

మా వెబ్‌సైటుకు జరిగింది సరిగ్గా అదే.

అసలీ స్టాండర్డ్స్ ఎక్కడివి?

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 1994లో డబ్ల్యూ3సీ అనే సంస్థను మొదలుపెట్టాడు. వెబ్ పేజీల భాష అయిన హెచ్‌టీఎంఎల్‌కూ, వాటి రంగు, రూపు చూసే సీఎస్‌ఎస్‌కూ అందరికీ ఒకే నియమాలు ఉండాలన్నది దాని పని. ఆ తర్వాతి ఏళ్లలో నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్ల మధ్య పెద్ద యుద్ధం. నెట్‌స్కేప్ వాళ్లు అక్షరాలు మిణుకుమిణుకుమనే ట్యాగు తెస్తే, ఎక్స్‌ప్లోరర్ వాళ్లు అక్షరాలు బస్సు బోర్డులా పక్కకు పరుగెత్తే ట్యాగు తెచ్చారు. ఒకదానిలో కనిపించే పేజీ ఇంకోదానిలో చెదిరిపోయేది. 'ఫలానా బ్రౌజర్‌లోనే చూడండి' అని పేజీల మీద బోర్డులు పెట్టుకునేవారు. ఒక్కో కాంట్రాక్టరు ఒక్కో సైజు ఇటుక తెస్తే గోడ ఎట్లా లేస్తుంది?

ఈ గోల భరించలేక కొందరు డిజైనర్లు 1998లో వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ పేరుతో ఒక ఉద్యమమే నడిపారు. ఆ కష్టం ఫలించింది. ఈరోజు మన చేతిలో ఏ కంపెనీ ఫోన్ ఉన్నా ఒకే పేజీ దాదాపు ఒకే విధంగా తెరుచుకుంటోందంటే అందులో వాళ్ల పుణ్యం చాలా ఉంది.

కానీ 2000 తర్వాత కొంతమందిలో నిష్ఠ ముదిరింది. ఆ ఏడాది వచ్చిన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ చాలా కఠినమైన భాష. దాన్ని నిక్కచ్చిగా ఎక్స్‌ఎంఎల్‌గానే పంపితే, ఒక్క ట్యాగు మూయడం మరిచినా బ్రౌజరు పేజీ చూపించదు, తప్పు సందేశం చూపిస్తుంది. కోడు పాసైందని అడుగున చిన్న బిళ్ల తగిలించుకోవడం అప్పట్లో ఒక ఫ్యాషన్. తమాషా ఏమిటంటే, ఆ రోజుల్లో గూగుల్ మొదటి పేజీని వాలిడేటర్‌లో పెడితే తప్పులు వచ్చేవి! అయినా దాన్ని వాడటం ఎవరికీ కష్టం కాలేదు. మధ్యలో ఒక పెట్టె, దాని కింద బటన్లు. చిన్నపిల్లాడు కూడా వాడేశాడు.

చివరికి 2004లో యాపిల్, మొజిల్లా, ఒపెరా వాళ్లు కలిసి వేరే దారి పట్టారు. 'వెబ్‌లో ఉన్న పేజీల్లో తప్పులు ఉండనే ఉంటాయి. తప్పు వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా నియమాల్లోనే రాసుకుందాం, అన్ని బ్రౌజర్లూ ఒకేలా సర్దుకుంటాయి' అన్నది వాళ్ల పద్ధతి. అదే హెచ్‌టీఎంఎల్5 అయింది. 2014లో డబ్ల్యూ3సీ దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. 2019లో రెండు వర్గాలూ ఒక ఒప్పందానికి వచ్చి, ఒకే ప్రమాణం ఉండాలని తేల్చుకున్నాయి. నియమాలు రాసేవాళ్లే మనుషుల తప్పులకు చోటు పెట్టారన్నమాట. మాకు ఇది చదివాక ఎంతో నచ్చింది.

మెషిన్ కంటికి కనపడనివి

ఆ జూన్ తర్వాత సెలవురోజు తమ్ముణ్ని కూర్చోబెట్టుకుని, కాకా ఫోన్‌లోనే మా సైటు తెరిచి చూశాం. తమ్ముడి లాప్‌టాప్‌లో అద్దంలా ఉండే సైటు ఆ ఫోన్‌లో ఎట్లా ఉందో మొదటిసారి అప్పుడే చూశాం. తల దించుకున్నాం.

కాగితాల పట్టిక ఒక బొమ్మ. అందంగా ఉండాలని పోస్టరులా డిజైన్ చేయించి ఎక్కించాం. ఫోన్‌లో అక్షరాలు చీమల్లా ఉన్నాయి, పెద్దవి చేస్తే మసకబారుతున్నాయి. అందులోని ఫోన్ నంబరు మీద వేలు పెడితే కాల్ పోదు. బొమ్మకు పోదు కదా! బొమ్మ కనపడనివాళ్ల కోసం కోడులో దాని వివరణ రాయాలి. మా కోడులో 'పోస్టర్ 3' అని ఉంది. వివరణ ఉందా లేదా అన్నదే వాలిడేటర్ చూస్తుంది. అది పనికొచ్చే వివరణా కాదా అన్నది దానికి తెలియదు.

మొదటి పేజీలో మా కార్యక్రమం ఫొటో ఉంది. పూలదండలు, శాలువాలు, మేమంతా వరుసగా నిలబడ్డాం. కెమెరాలో వచ్చింది వచ్చినట్టే ఎక్కించాం, నాలుగు ఎంబీలకు పైనే ఉంది. రీచార్జి డేటా లెక్కపెట్టుకుని వాడే మనిషి మా మొహాలు దిగేదాకా ఆగాలి. ఫొటో ఎంత బరువైనా కోడు ప్రకారం తప్పు కాదు.

తెల్లటి పేజీ మీద లేత బూడిద రంగు అక్షరాలు. లాప్‌టాప్‌లో చాలా క్లాస్‌గా ఉంటుంది. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని ఆపేస్తారు. ఫోన్ చూసుకునే సమయం అదే. షెడ్డు నీడలో కూర్చున్నా చుట్టూ ఉన్న ఎండకు ఆ అక్షరాలు కనపడితే ఒట్టు. నిజానికి దీనికీ ఒక ప్రమాణం ఉంది. అందరికీ అందేలా పేజీలు ఎట్లా ఉండాలో చెప్పే డబ్ల్యూ3సీ మార్గదర్శకాలు 1999లోనే వచ్చాయి. 2008లో వచ్చిన రెండో రూపంలో, మామూలు అక్షరానికీ వెనకున్న రంగుకూ తేడా కనీసం 4.5కు 1 ఉండాలని ఉంది. మేము పెట్టించిన పరీక్ష అది కాదు. కోడు వ్యాకరణం చూసే పరీక్ష. ఒక పరీక్ష పాసై అన్నీ పాసయ్యామనుకున్నాం.

ఇక తెలుగు బాధ వేరే. పంక్తికీ పంక్తికీ మధ్య జాగా ఇంగ్లిషు అక్షరాల లెక్కన పెట్టేశారు. మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కదా! 'లక్ష్మి', 'రాష్ట్రం' లాంటి మాటల్లో కింది ఒత్తులు తర్వాతి లైనుకు తగిలి, కొన్నిచోట్ల సగం తెగిపోయాయి. వాలిడేటరుకు అది చక్కటి సీఎస్‌ఎస్. కష్టపడి కూడబలుక్కుని చదివే మనిషికి ఒత్తు తెగిన మాట మాటే కాదు.

లింకులు ఒకదాని మీద ఒకటి ఇరుకుగా ఉన్నాయి. బార్ బెండింగ్ చేసి మొద్దుబారిన వేలు ఒకదాన్ని నొక్కితే రెండు తగులుతాయి. 'వేలు పెడ్తే ఇంకోటి తెరుసుకుంటున్నది' అని కాకా అన్నది దీన్నే. 2023లో వచ్చిన మార్గదర్శకాల్లో నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల పొడవు, వెడల్పు ఉండాలని చేర్చారు. కాకా మాకు నాలుగేళ్ల ముందే చెప్పాడు!

తమ్ముడు అంతా విని ఒక్క మాట అన్నాడు. "అన్నా, మీరు అడిగింది నేను చేసిన. తప్పులు లేకుండ కావాలన్నరు, చేసిన. ఎవరు చూస్తరో మీరు చెప్పలే." నిజమే. పోస్టరు మేమిచ్చిందే, ఫొటో మేమిచ్చిందే. తప్పు మాది.

కాకా పరీక్ష

అప్పటి నుంచి కొత్త పద్ధతి పెట్టుకున్నాం. ఏ పేజీ తయారైనా ముందు కాకా చేతికి ఫోన్ ఇస్తాం. పని ఒకటి చెబుతాం. 'జీతం మూడు నెలలుగా రాలేదు, ఎవరికి చెప్పాలో వెతుకు' అంటాం. అంతే. ఆ తర్వాత మేము నోరు మెదపకూడదు. ఇదే కష్టం! "అది కాదు కాకా, పైన నొక్కు" అని నోటి దాకా వస్తుంది. కానీ అర్ధరాత్రి పక్కన మనం ఉండం కదా. ఆయన ఎక్కడ ఆగాడు, ఎక్కడ వెనక్కి వచ్చాడు, ఎక్కడ కళ్లద్దాలు సర్దుకున్నాడు అన్నది కాగితం మీద రాసుకుంటాం. మన భాషలో అది స్నాగ్ లిస్టు.

మొదటి రోజు స్నాగ్ లిస్టు రెండు పేజీలు వచ్చింది. 'పునరావాస సమాచారం' అన్న లింకు దగ్గర కాకా ఆగిపోయాడు. "గిదేంది బిడ్డా?" అన్నాడు. దాన్ని తీసేసి 'ఇంటికి పోవాలంటే' అని రాశాం. 'మృతదేహ తరలింపు ప్రక్రియ' పోయి 'మనవాళ్లు చనిపోతే ఏం చేయాలి' వచ్చింది. 'సంప్రదించండి' పోయి 'ఫోన్ చేయండి' వచ్చింది. పోస్టరు తీసేసి అదే మ్యాటరును 1, 2, 3 అని అక్షరాల్లో టైపు చేశాం. ప్రతి నంబరూ నొక్కితే కాల్ పోయేలా మార్చాం. మా ఫొటోను లోపలి పేజీలోకి పంపి, వంద కేబీకి తగ్గించాం. అధ్యక్షుల వారికి కొంచెం కోపం వచ్చింది, తర్వాత సర్దుకున్నారు.

ఇంకో సంగతి అనుకోకుండా తెలిసింది. బొమ్మను తీసి అసలు అక్షరాలు పెట్టి, పేజీ భాష తెలుగు అని కోడులో రాయగానే, ఫోన్ ఆ పేజీని తెలుగులో పైకి చదివి వినిపించడం మొదలుపెట్టింది! చదువు రానివాళ్లు మా క్యాంపులో ఎందరో ఉన్నారు. బొమ్మలోని రాతను అది అట్లా చదవలేకపోయింది. శీర్షికను శీర్షిక ట్యాగులో, పట్టికను పట్టిక ట్యాగులో రాస్తే వినేవాళ్లకు దారి దొరుకుతుంది. ఇవన్నీ స్టాండర్డ్స్‌లో ఎప్పటి నుంచో ఉన్నవే. పచ్చ పట్టీ కోసం రాసినప్పుడు అవి మాకు లెక్కలుగా కనిపించాయి. చదువు రాని మనిషి చెవికి ఫోన్ పెట్టుకుని విన్నప్పుడు అవి ఎందుకున్నాయో అర్థమైంది.

అట్లని కోడును గాలికొదిలేస్తే...

ఇంత జరిగాక మాకు వాలిడేటర్ మీద కోపం వచ్చింది. 'పచ్చ పట్టీ ఏం చేసుకోవాలి, కాకాకు అర్థమైతే చాలు' అని దాని వైపు చూడటమే మానేశాం. దానికి కూడా శిక్ష పడింది.

2020 మే. కరోనా. వందే భారత్ విమానాలు మే 7న మొదలయ్యాయి. ఎంబసీ దగ్గర పేరు ఎట్లా నమోదు చేసుకోవాలి, ఎవరికి ముందు అవకాశం అని అడిగేవాళ్లతో మా ఫోన్లు మోగిపోయాయి. తమ్ముడు జ్వరంతో వేరే గదిలో ఉన్నాడు. మేమే రాత్రి ఒంటిగంటకు పేజీ మార్చాం. పైన ఒక వాలంటీరు నంబరు చేర్చాం. నంబరు లింకును తెరిచే ట్యాగు రాశాం, మూసే ట్యాగు మరిచాం. చూడటానికి పేజీ బాగానే ఉంది. పడుకున్నాం.

బ్రౌజరు తన నియమం ప్రకారం సర్దుకుంది. లింకు మూయలేదు కాబట్టి, తర్వాత ఉన్న రాత చాలా మటుకు ఆ లింకులోదే అనుకుంది. పేజీని పైకి కిందికి జరుపుతూ ఎవరు ఎక్కడ వేలు తాకించినా ఆ ఒక్క మనిషికే కాల్! పాపం, తెల్లారేసరికి ఆయన ఫోన్‌లో వందకు పైగా మిస్డ్ కాల్స్. నిజంగా అవసరం ఉన్నవాళ్లకు లైను దొరకలేదు. మందులు అయిపోయిన ఒక షుగర్ పేషెంటు ఉదయం ఎనిమిదింటికి గానీ మాట్లాడలేకపోయాడు.

ఉదయం తమ్ముడు పడుకునే వాలిడేటర్ తెరిచాడు. ఏ లైనులో ఏ ట్యాగు మూయలేదో క్షణంలో చూపించింది. మేము ఎంతసేపు చూసినా దొరకనిది! "అన్నా, క్యూబ్ టెస్ట్ చెయ్యకుండ కాంక్రీటు పోస్తరా మీరు?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

కాకా పరీక్షలో ఆ తప్పు దొరికేది కాదా అంటే, దొరికేదేమో. కానీ రాత్రి ఒంటిగంటకు కాకాను లేపలేం. వాలిడేటర్‌ను ఎప్పుడైనా లేపవచ్చు.

మరి ఏది ముందు?

అంతా అయ్యాక మాకు అర్థమైంది ఇది. కోడు పరీక్ష, మంచి డిజైను ఒకదానికొకటి పోటీ కాదు. ఒకటి చేసే పని రెండోది చేయలేదు. ట్యాగు మూశారా, నియమం తప్పారా అన్నది మెషిన్ చెబుతుంది. మనిషికి పని అయిందా అన్నది మనిషే చెప్పాలి. మొదటి పరీక్షకు అర నిమిషం చాలు, ఖర్చు లేదు. దాన్ని చేయకపోవడం బద్ధకం. రెండోదానికి ఒక సెలవురోజు మధ్యాహ్నం, చాయ్, ఓపిక కావాలి. మొదటిది చేశాం కదా అని దాన్ని వదిలేయడం గర్వం. మేము రెండూ చేశాం కాబట్టి చెబుతున్నాం.

ఒకవేళ రెండూ ఢీకొంటే? కొన్నిసార్లు అట్లా అవుతుంది. ఎవరో ఇచ్చిన మ్యాపు, వీడియో పేజీలో పెడితే వాళ్ల కోడు వల్ల ఒకటి రెండు తప్పులు వస్తాయి. క్లినిక్‌కు దారి చూపే మ్యాపు మాకు అవసరం. ఆ తప్పుతోనే ఉంచాం. తప్పు ఏమిటో, ఎందుకు ఉంచామో తెలిసి ఉంచడం వేరు, తెలియకుండా ఉండిపోవడం వేరు. సైటు పనిలో కూడా ఇంజనీరు సంతకంతో మినహాయింపు ఇవ్వడం లేదా? అట్లాంటిదే.

ఊరి సంఘానికో, గల్ఫ్ సంఘానికో, కుల సంఘానికో వెబ్‌సైటు పెట్టేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. డబ్బులిచ్చి చేయించుకునేవాళ్లూ ఉన్నారు. చేతికి తీసుకునే ముందు ఈ నాలుగు చూసుకోండి.

ఒకటి, పేజీని వాలిడేటర్‌లో పెట్టి చూపించమనండి. ఎర్ర లైన్లు వస్తే ఎందుకొచ్చాయో అడగండి. జవాబు చెప్పలేనివాడు కోడు రాసినవాడు కాదు, ఎక్కడి నుంచో అతికించినవాడు.

రెండు, అన్నిటికంటే పాత ఫోన్ ఎవరి దగ్గర ఉందో వాళ్ల ఫోన్‌లో, వైఫై ఆపేసి, ఎండలో నిలబడి తెరవండి.

మూడు, ముఖ్యమైన మాట ఏదీ బొమ్మలో ఉండకూడదు. పేజీలో ఒక తెలుగు మాట మీద వేలు ఒత్తిపట్టి కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. తెలుగుగానే వస్తే యూనికోడ్. పిచ్చిరాత వస్తే పాత ఫాంట్. కాపీయే కాకపోతే అది బొమ్మ కావచ్చు, అడగండి.

నాలుగు, మీ క్యాంపులో కూడా ఒక కాకా ఉంటాడు. ఆయనకు ఫోన్ ఇవ్వండి. మీరు మాట్లాడకండి.

మా కాకా 2022లో ఊరికి వెళ్లిపోయాడు. ఇప్పుడు కొత్త పేజీ పెట్టినప్పుడు లింకు ఆయనకు పంపిస్తాం. పొలం గట్టు మీది నుంచి ఫోన్ చేసి, "తెరుసుకున్నది గని అచ్చరాలు ఇంకింత పెద్దగ పెట్టుండ్రి" అంటాడు. పెడతాం. తమ్ముడు ఇంకా ఇక్కడే ఉన్నాడు. పేజీ మార్చిన ప్రతిసారీ అర నిమిషం పచ్చ పట్టీ చూసుకుంటాడు. ఎవరికీ ఫొటో తీసి పంపడు.

సైటు అడుగున 'ప్రమాణాలకు లోబడి తయారైంది' అన్న లైను తీసేశాం. అక్కడ ఇప్పుడు వాలంటీరు నంబరు ఉంది. నల్లటి అక్షరాలు, వేలెడు పొడవు. నొక్కితే కాల్ పోతుంది.